బిస్కెట్ల డబ్బాలో పదకొండు పేర్లు

నలభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఈ సంగతి మావారికి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూడా దీన్ని పక్కకి తప్పించి, మిగతా విషయాలే మాట్లాడాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి కదా.

ముందే చెబుతున్నాను, ఇందులో ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి కాపురమూ కూలలేదు. విన్నాక "ఓస్, ఇంతేనా" అంటారు మీరు. నాకు నేను కూడా అలాగే చాలాసార్లు చెప్పుకున్నాను. ఇంతే అయితే ఇన్నేళ్లు ఎందుకు మోశాను? తన చూపు మీద నమ్మకంతో బతుకుతున్న ఒక పెద్దమనిషికి, ఆ చూపు పోయిందని నచ్చజెప్పాను. పోలేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. నేను కుమిలిపోతూ బతికినదాన్ని కాదు. హాయిగానే ఉన్నాను. అమెరికాలో నేను బాగా నవ్వుకున్న రోజులు ఏవని అడిగితే, ఆ అబద్ధం తర్వాతి రోజులే చెబుతాను. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

డెబ్బై తొమ్మిదిలో వచ్చాం మేము. షికాగో పడమటి వైపు శివారులో, రెండు గదుల అద్దె వాటా. మావారికి ఇంజినీరు ఉద్యోగం. నాకు విశాఖలో చదివిన ఎం.ఎస్సీ. లెక్కలు ఉంది, పని లేదు. ఇంటికి నాలుగడుగుల దూరంలో ఇటలీ వాళ్ల దుకాణం ఒకటి ఉండేది. జున్ను, రొట్టెలు, ఆలివ్ కాయలు, పంది మాంసం, ఒక మూల కాఫీ. రోసా అనే ఆవిడ నడిపేది. మనిషి కావాలని అద్దానికి కాగితం అంటించింది. గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వని ఇంట్లో పెరిగిన నేను, మాంసం పలచగా కోసే యంత్రం ముందు నిలబడ్డాను. మొదటి వారం ఊపిరి బిగబట్టి కోశాను. రెండో వారం నుంచి ఊపిరి పీలుస్తూ కోశాను. మనిషి దేనికైనా అలవాటు పడుతుంది.

ఆ కాఫీ మూలలో ఏడెనిమిది మంది మగవాళ్లు చేరేవారు. అందరూ ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆదివారం చర్చి అయ్యాక మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఒకటే గోల. మొదట్లో ఆస్తి తగాదా అనుకున్నాను. కాదు, ఫుట్‌బాల్. వాళ్ల దేశపు జట్టు. అమెరికా వాళ్లు దాన్ని సాకర్ అంటారు గాని, ఆ మాట వినబడితే వాళ్లలో పెద్దాయన పెప్పే గారు కాఫీ కప్పు కింద పెట్టేసేవారు.

వాళ్లకి మ్యాచ్ చూసే దారి లేదు. ఇక్కడి టీవీలో రాదు. ఇటలీకి ఫోన్ చేయడమంటే పుట్టుకకో చావుకో తప్ప ఎవరూ చేసేవారు కాదు. విమానంలో వచ్చే గులాబి రంగు కాగితం పేపరు మూడు రోజులు ఆలస్యంగా దుకాణానికి చేరేది. కాబట్టి మ్యాచ్ వాళ్లకి దక్కదు. మ్యాచ్‌కి ముందు రోజులు మాత్రం దక్కుతాయి. ఆ రోజుల్ని పిండి పిప్పి చేసేవారు.

అందులోనూ పెద్ద పోటీల సంగతి వేరు. అప్పుడు ఎవరాడతారో అందరికీ తెలుసు. రెండు దేశాలు ఊరికే, స్నేహంగా ఆడుకునే మ్యాచ్‌లు ఉంటాయి చూడండి, వాటికే అసలు రచ్చ. ఎందుకంటే అప్పుడు కోచ్ కొత్తవాళ్లని పరీక్షిస్తాడు, పాతవాళ్లని పక్కన పెడతాడు. ఏ పదకొండు మందిని దింపుతాడో వాడి భార్యకి కూడా తెలియదని రోసా అనేది.

అందుకని ఆ దుకాణంలో ఒక ఆచారం ఉండేది. స్నేహపు మ్యాచ్‌కి ముందు రోజు దుకాణం మూసేలోపు ఒక్కొక్కరూ పదకొండు పేర్లు చీటీ మీద రాసి, మడిచి, ఎర్ర రేకు బిస్కెట్ల డబ్బాలో వేయాలి. పేపరు వచ్చాక, ఆదివారం అందరి ముందూ విప్పుతారు. ఎక్కువ పేర్లు సరిపోయినవాడు తర్వాతి మ్యాచ్ దాకా 'మిస్టర్'. ఇటలీ వాళ్లు కోచ్‌ని అలాగే పిలుస్తారు. మిస్టర్‌కి కిటికీ పక్క కుర్చీ ఇస్తారు. మిస్టర్ మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రాకూడదు. ఇటలీ వాళ్లు ఏడుగురు ఒకచోట ఉండగా అడ్డులేకుండా మాట్లాడటం అంటే మామూలు గౌరవం కాదు.

ఆ డబ్బా నా దగ్గర ఉండేది. నేను పరాయిదాన్ని, ఎవరి పక్షమూ కాదు, ఆట తెలియదు. అంతకంటే నమ్మకస్తులు ఎవరు దొరుకుతారు? డబ్బాకి తాళం లేదు. నేనే తాళం.

కంచే చేను మేయడం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

పెప్పే గారి గురించి చెప్పాలి. అసలు పేరు పొడుగు, అందరూ పెప్పే అనేవారు. నేను 'గారు' చేర్చాను. పెద్దాయన్ని ఉత్త పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆ 'గారు' ఏదో భారతదేశపు బిరుదు అనుకుని ఆయన మురిసిపోయారు. కొన్నాళ్లకి దుకాణంలో అందరూ 'పెప్పెగారు' అనడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి. భార్య పోయింది. కూతురు నార్త్ కరోలినాలో. ఆయన తాపీ మేస్త్రి. ఆ చుట్టుపక్కల ఇళ్ల మెట్లూ పొగగొట్టాలూ సగం ఆయన చేతివే. చేతులు వణకడం మొదలయ్యాక తాపీ వదిలేశారు, కన్ను మాత్రం వదల్లేదు. రోడ్డు మీద నిలబడి గోడ ఎంత వంగిందో చెప్పేవారు. లెవెల్ పెట్టి చూస్తే అంతే ఉండేది. ఇరుగుపొరుగు ఇల్లు కొనేముందు ఆయన్ని తీసుకెళ్లి చూపించుకునేవారు. ఆటలోనూ అదే కన్ను. నాకు తెలిసినంతలో వరసగా నాలుగు మ్యాచ్‌లకి ఆయనే మిస్టర్. కుర్చీ ఆయన నడుముకి అలవాటైపోయిందని నవ్వేవారు.

నేను కూడా చీటీ వేస్తానని ఒకసారి సరదాగా అన్నాను. వేశాను. ఆదివారం విప్పితే, నా పదకొండు మందిలో ఇద్దరు గోల్‌కీపర్లు ఉన్నారు. దుకాణం దద్దరిల్లిపోయింది. నేనూ నవ్వాను. రోసా తమ్ముడు నీనో మాత్రం ఆ నవ్వు అంతటితో ఆపలేదు. ప్రతి మ్యాచ్‌కి ముందు, "సిన్యోరా, ఈసారి ముగ్గురు గోల్‌కీపర్లా?" అనేవాడు. సిన్యోరా అంటే అమ్మగారు. మంచివాడే. నోరే మంచిది కాదు. ఎం.ఎస్సీ. చదివి పదకొండు లెక్కపెట్టలేకపోయానని నాకూ లోపల ఉక్రోషంగానే ఉండేది.

ఇటలీ ప్రపంచ కప్పు గెలిచాక ఏడాదో, ఏడాదిన్నరో. గెలిచిన జట్టు ముసలిదైపోతోందని గొడవ. స్నేహపు మ్యాచ్ ఒకటి వచ్చింది. కుడి అంచున పరుగెత్తే ఒక పాత వింగర్ ఉండేవాడు, వాణ్ని తీసేస్తారా ఉంచుతారా అని వారం రోజులు తర్జనభర్జన. అందరూ తీసేస్తారన్నారు. పెప్పే గారు ఒక్కరే ఉంచుతారన్నారు. కొండ ఎక్కించిన గాడిదని కొండ మీదే అమ్మేసే మనిషి కాదు ఆ కోచ్ అని ఆయన మాట. మనం ఏరు దాటి తెప్ప తగలేయడం అంటామే, అదన్నమాట. ఆ కోచ్ తెప్ప తగలేసే రకం కాదని ఆయన నమ్మకం.

మ్యాచ్‌కి ముందు రోజు, మంగళవారం, నాకు ఒక ఉత్తరం వచ్చింది. దగ్గర్లో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. మీ డిగ్రీ మా లెక్కకి రాదు అని మర్యాదగా రాశారు. అలాంటిది మూడోది. ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని రోజంతా మాంసం కోశాను. సాయంత్రం చీటీలు వేస్తుంటే నీనో మళ్లీ గోల్‌కీపర్ల మాట ఎత్తాడు. అందరూ నవ్వారు. పెప్పే గారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నాకు గుచ్చుకుంది. ఆ రోజు కాకపోతే గుచ్చుకునేది కాదేమో. నా చీటీ కూడా వేసి, మూత పెట్టి, ఇంటికి వెళ్లిపోయాను.

మావారికి షార్ట్‌వేవ్ రేడియో పిచ్చి. రాత్రి వంటవేళకి దాన్ని తిప్పుతూ కూర్చునేవారు. మన దేశపు వార్తల కోసం తిప్పుతుంటే ఇటలీ వాళ్ల స్టేషన్ తగిలింది. "ఆపండి, ఆపండి" అన్నాను. "నీకేం అర్థమవుతుంది?" అన్నారు. నాలుగేళ్లు ఆ దుకాణంలో నిలబడ్డాక ఎందుకు అర్థం కాదు? అంకెలు వచ్చు, పేర్లు వచ్చు. రేడియోలో ఒకాయన మర్నాటి మ్యాచ్‌కి జట్టు చదువుతున్నాడు. పదకొండు పేర్లు. వంకాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, ఉద్యోగం రాదన్న ఆ ఉత్తరం వెనకాలే రాసుకున్నాను.

బుధవారం పొద్దున్న దుకాణం తెరిచేది నేనే. రోసా అరగంట తర్వాత వచ్చేది. డబ్బా తెరిచాను. నా పాత చీటీ తీసేసి కొత్తది వేశాను. పదకొండూ సరిగ్గా రాయలేదు. పదకొండూ సరిపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని ఎడమ డిఫెండర్ పేరు కావాలని తప్పు రాశాను. ఎప్పుడైనా నాలో నేను, ఏదో ఆవేశంలో చేశానులే అని సర్దిచెప్పుకోబోతే, ఆ తప్పు పేరు గుర్తొస్తుంది. ఆవేశంలో ఉన్నవాళ్లు అంత లెక్కగా ఆలోచిస్తారా? నా ఎం.ఎస్సీ. ఆ దేశంలో మొదటిసారి పనికొచ్చింది అక్కడే.

ఆదివారం విప్పారు. పెప్పే గారివి తొమ్మిది. నావి పది. ఆ పాత వింగర్ ఆడలేదు. వాడి బదులు ఒక కుర్రాడు ఆడాడు, వాడి పేరు నా చీటీలో తప్ప ఎవరి చీటీలోనూ లేదు. నీనో లేచి నిలబడి టోపీ తీశాడు. రోసా కౌంటర్ దాటి వచ్చి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. పెప్పే గారు కిటికీ పక్క కుర్చీలోంచి లేచి, చేతిరుమాలుతో దాన్ని తుడిచి, నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. చాలా బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా చాలా బాగుంది.

మర్నాడు సోమవారం. దుకాణంలో ఎవరూ లేరు. పెప్పే గారు ఒక్కరే వచ్చారు. కాఫీ అడగలేదు. మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే, అయినా ఆయన ఆ రోజు అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది.

"సిన్యోరా, ఒక్కటి అడుగుతాను. వాడు ఆడడని నీకెలా తెలిసింది?"

నేను యంత్రం తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను.

"మీరే చెప్పారు కదండీ."

"నేనా?"

"పోయిన మ్యాచ్ అప్పుడు పేపరు చదువుతూ అన్నారు, రెండో సగంలో వాడు నడిచాడట, పరుగెత్తలేదట అని. నేను ఆ మాట పట్టుకున్నాను. మీకు వాడంటే ఇష్టం. ఇష్టం ఉన్నచోట కన్ను సరిగ్గా పనిచేయదు."

ఆయన కౌంటర్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత తల ఊపారు.

"నిజమే. ముసలితనం చేతులకి వచ్చిందనుకున్నాను. కంటికి కూడా వచ్చిందన్నమాట."

అప్పుడు చెప్పేయవచ్చు. రెండు మాటలు. "రేడియోలో విన్నాను." అంతే. ఆయన నవ్వేసేవారు, నీనో నన్ను నాలుగు నెలలు ఏడిపించేవాడు, అయిపోయేది. నేనేం అన్నానో తెలుసా? "అలా అనకండి, కాఫీ పెడతాను" అన్నాను.

ఆ తర్వాతి మ్యాచ్‌కి ఆయన చీటీ వేయలేదు. ఎందుకని అడిగితే, ఇంక పిల్లలు ఆడుకోండి అన్నారు. ఆ తర్వాతా వేయలేదు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు. అది ఆటే కదా, పోనీ అనుకోవచ్చు. కాని ఆ ఎండాకాలం రోసా దుకాణం వెనక కొత్త గోడ కట్టించింది. పెప్పే గారిని పిలిచి, "ఒకసారి చూడండి, నిటారుగా ఉందా?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన చాలాసేపు చూశారు. "నాకు కొంచెం లోపలికి వాలినట్టుంది. నా కన్ను నమ్మకు. కట్టినవాణ్ని అడుగు" అన్నారు. కట్టినవాడు బ్రహ్మాండంగా ఉందన్నాడు. సున్నం పూశారు, అల్మారాలు బిగించారు. వాటి తలుపులు ఒక్కరోజు కూడా సరిగ్గా పడలేదు. నేనే రోజూ ఆ తలుపుల్ని మోకాలితో నెట్టి మూసేదాన్ని.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. ఇంకొకటి ఉంది. దాన్ని దాటేసి వచ్చేశాను, మీరు గమనించి ఉండరు.

ఆ మంగళవారం రేడియోలో పేర్లు మాత్రమే చదవలేదు. పేర్లకి ముందు ఇంకో మాట చెప్పారు. ఆ పాత వింగర్, వాడితో ఒకే గదిలో ఉన్న ఇంకో ఆటగాడు, ఇద్దరికీ పొద్దున్న నుంచి జ్వరం. కోచ్ వాళ్లిద్దరినీ ఆడించాలనే అనుకున్నాడు, తప్పనిసరై మార్చాడు. జ్వరం అన్న మాట నాకు అర్థం కాకపోవడానికి వీల్లేదు. దుకాణానికి వచ్చే ముసలివాళ్లు రోజూ చెప్పేవి రెండే, జ్వరం, మోకాళ్లు.

బుధవారం పొద్దున్న డబ్బా తెరిచినప్పుడు నా చీటీ ఒక్కటే తీయలేదు. పెప్పే గారిది కూడా విప్పి చూశాను. వణుకు చేత్తో రాసిన పదకొండు పేర్లు. ఆ జ్వరం పడ్డ ఇద్దరూ ఉన్నారు. మిగతా తొమ్మిదీ రేడియో చెప్పినవే. అంటే కోచ్ మనసులో ఉన్న జట్టు, అటు నుంచి ఇటు దాకా, ఇక్కడ ఇంత దూరంలో కూర్చుని ఈయన రాసేశారు. మళ్లీ అదే మడతలో మడిచి పెట్టేశాను.

శనివారం పేపర్ల కట్ట వచ్చింది. దాన్నీ విప్పేది నేనే. ఒక లోపలి పేజీలో, కింద మూల, ఆ జ్వరం సంగతి నాలుగు లైన్లు ఉంది. ఆ పేజీ తీసేశాను. ఇంటికి పట్టుకెళ్లి వంటింటి అలమారలో పరిచాను, పోపు డబ్బాల కింద. మన ఇళ్లలో పేపరు పరుస్తాం కదా, చూసినవాళ్లకి ఏ అనుమానమూ రాదు. గులాబి రంగు బాగుందని మావారు మెచ్చుకున్నారు కూడా. దుకాణంలో ఒక పేజీ తక్కువైందని ఎవరూ అడగలేదు. తర్వాతెప్పుడైనా ఎవరికైనా ఆ జ్వరం సంగతి తెలిసిందేమో తెలియదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. స్నేహపు మ్యాచ్‌ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కాబట్టి సోమవారం ఆయన వచ్చి అడిగినప్పుడు నాకు అంతా తెలుసు. ఆయన కన్ను చెదరలేదని తెలుసు. మీ ఇష్టమే మీ కన్ను కప్పేసిందని, ఆ మాట ఎక్కడ తగులుతుందో చూసుకుని, అక్కడే కొట్టాను. నాకు ఆ ఉత్తరాలు రాసినవాళ్లు నా చదువు లెక్కకి రాదన్నారు. ఒక్కసారి, ఒక్క చోట, నేను సరైనదాన్ని అనిపించుకోవాలని ఉండింది. అందుకోసం ఇంకొకరి దగ్గర అదే లాక్కున్నాను. తూకం వేసి చూస్తే ఎటూ ఎక్కువ తక్కువల్లేవు.

చిత్రమేమిటంటే, ఆయన నా మీద కోపం తెచ్చుకోలేదు. నన్ను చేరదీశారు. నీలో ఏదో ఉంది, దానికి చదువు కావాలి అన్నారు. ప్రతి సోమవారం వచ్చి కౌంటర్ మీద ఆలివ్ కాయలూ చక్కెర బిళ్లలూ పేర్చి ఆట నేర్పేవారు. ఆలివ్‌లు మన జట్టు, చక్కెర ఎదుటి జట్టు. మన జట్టు అంటే ఇటలీ! పాఠం అయ్యాక ఎదుటి జట్టుని కాఫీలో వేసుకు తాగేసేవారు. గోడ కట్టడమూ ఆట కట్టడమూ ఒకటేననీ, బలం ఉన్నచోట కాదు, సందు ఉన్నచోట చూడాలనీ చెప్పేవారు. నేను పులిహోర తెచ్చి పెట్టేదాన్ని. నిమ్మకాయ తగలగానే ఆయన కళ్లు మూసుకునేవారు. వాళ్ల ఊళ్లో నిమ్మతోటలట. మా నాన్నతో కూడా నేను అన్ని కబుర్లు చెప్పుకోలేదు.

నేర్చుకున్నాను. నిజంగా నేర్చుకున్నాను. ఆ తర్వాత మూడుసార్లు మిస్టర్‌నయ్యాను, రేడియో జోలికి వెళ్లకుండా. నీనో ఆదివారం నా కుర్చీ వెనకాల నిలబడి, తన చీటీ వేసేముందు నా మొహం చదవడానికి ప్రయత్నించేవాడు. ఎనభై ఆరులో ఒక చిన్న కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ రోజు పెప్పే గారు కోటు వేసుకుని వచ్చారు. "నేను ముందే కనిపెట్టాను" అని అందరికీ చెప్పారు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలా నిలబడి నవ్వాను. ఉద్యోగంలో చేరాక కూడా సోమవారం సాయంత్రాలు మా పాఠం మానలేదు.

చెప్పాలని వెళ్లాను ఒకసారి. ఆయన ఒంట్లో బాగుండటం లేదని తెలిసి, పులిహోర డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నాను. ఆయన గుమ్మంలో ఎండలో కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మొహం వెలిగింది. పై వారం మ్యాచ్‌కి కోచ్ ఎవరెవర్ని దింపుతాడో చెప్పమన్నారు. చెప్పాను. ఒక పేరు దగ్గర ఆయన మొహం కొంచెం మారింది, నోరు తెరిచారు, మళ్లీ మూసుకున్నారు.

"ఏమిటండీ, కాదా?" అన్నాను.

"నీకే తెలుస్తుంది. నువ్వు చెప్పిందే అవుతుంది" అన్నారు.

నేను చెప్పిందే తప్పు అయింది ఆ వారం. ఆయన ఎవరి పేరు చెప్పబోయారో నాకు తెలియలేదు. నేను ఖాళీ డబ్బాతో ఇంటికి వచ్చేశాను, కూర్చుకున్న వాక్యాలతో సహా. ఎనభై ఎనిమిది వసంతంలో ఆయన పోయారు. నిద్రలోనే. నార్త్ కరోలినా నుంచి వచ్చిన కూతురు నా చేతులు పట్టుకుని, "నాన్న చివరి ఏళ్లు మీ వల్ల సంతోషంగా గడిచాయి" అంది. నిజమే. అదీ నిజమే. దాన్ని కూడా కాదనలేను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆయన మనసు కష్టపడుతుందని అనుకునేదాన్ని. ఎంత అన్యాయం! చెబితే ఆయనకి కన్ను తిరిగి వచ్చేది. రోసా గోడ దగ్గర గట్టిగా మాట్లాడేవారు. పోయేది నేను, ఆయన దగ్గర్నుంచి. సోమవారాలు పోయేవి. నేను సోమవారాలు ఎంచుకున్నాను. ఒకసారి కాదు, నాలుగేళ్లు, ప్రతి సోమవారం ఎంచుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు వెనక్కి ఇచ్చేయమంటే ఇవ్వలేను. ఇది పశ్చాత్తాపమేనా? నాకు తెలియదు. మీరే చెప్పాలి, కాని మీరు చెప్పేది నాకు వినబడదు.

రోసా లేదు. దుకాణమూ లేదు. మేము నేపర్‌విల్ వచ్చి చాలా ఏళ్లయింది. నీనోకి ఎనభై దాటాయి, ఇప్పటికీ స్నేహపు మ్యాచ్ ఉంటే ముందు రోజు ఫోన్ చేసి, "మిస్టర్, ఎవరెవరు?" అంటాడు. ఇప్పుడు జట్టు పేర్లు ఫోన్లోనే వచ్చేస్తాయి, అయినా అడుగుతాడు. నా మనవరాలు స్కూల్లో సాకర్ ఆడుతుంది. "అమ్మమ్మకి ఆ కన్ను ఉంది, యూ నో, ఎలెవెన్‌లో టెన్ కరెక్ట్ చెప్పింది" అని ఫ్రెండ్స్‌కి నన్ను చూపిస్తుంది. మా ఇంట్లో అది పురాణమైపోయింది. పోయిన వారం నీనో ఫోన్లో మళ్లీ ఆ కథే ఎత్తి, "ముసలాయన తొమ్మిది దగ్గర ఆగిపోయాడు, పాపం" అన్నాడు. ఆ 'పాపం' అన్న గొంతు విన్నాక, ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

తొమ్మిది కాదు. ఆ మ్యాచ్‌కి కోచ్ పదకొండు మందిని ఎంచుకున్నాడు. జ్వరాలు వస్తాయని ఎవరికి తెలుస్తుంది? ఎంచుకున్న పదకొండూ పెప్పే గారు రాశారు. అలా రాసినవాళ్లు ఆ దుకాణంలో ముందూ లేరు, తర్వాతా లేరు. నేను చూశాను. నేనొక్కదాన్నే చూశాను.

పదకొండుకి పదకొండు, పెప్పే గారూ.